పేరుతో మొదలయ్యే పాఠం

షికాగోలో పెరిగే ఎస్పెరాంజా అనే అమ్మాయి కథ సాండ్రా సిస్నెరోస్ రాసిన ‘ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’. 1984లో వచ్చిన ఈ పుస్తకంలో అన్నీ చిట్టి అధ్యాయాలే. అమెరికా బడుల్లో సాహిత్యం చెప్పే టీచర్లకు ఇది మంచి ఆసరా. ‘నా పేరు’ అనే అధ్యాయం చదివిస్తారు. ఎస్పెరాంజా అంటే స్పానిష్‌లో ఆశ అని చెబుతారు. ఆ వెంటనే, ‘ఇక మీ పేరు కథ మీరు రాయండి’ అంటారు. హాజరు పిలిచేటప్పుడు రోజూ తప్పుగా వినబడే తన పేరు గురించి ఓ పిల్లాడు మొదటిసారి నాలుగు వాక్యాలు రాస్తాడు. మంచి టీచరు ముందు వింటారు, తర్వాతే దిద్దుతారు. సిస్నెరోస్ కూడా షికాగోలో, చదువు మధ్యలో మానేసిన పిల్లలకు పాఠాలు చెప్పినవారే. కథ చదివించేవాళ్లు ఎందరో. పిల్లల చేత వాళ్ల కథ రాయించేవారే అసలైన గురువులు.