నింగిలో పాతాళ రైలు

న్యూయార్కు వాళ్ళు తమ నగర రైలుని సబ్‌వే అంటారు. అంటే నేలకింది దారి. తీరా చూస్తే చాలాచోట్ల అది ఇనప స్తంభాలెక్కి, మేడమీది కిటికీల పక్కనుంచి పరుగెడుతుంది. పేరు పాతాళానిదీ, కాపురం ఆకాశంలోనూ! ఈ రెండు లోకాలూ ఒక్కచోట చూడాలంటే క్వీన్స్ ప్రాంతంలోని జాక్సన్ హైట్స్ స్టేషనుకి వెళ్ళాలి.

నవలమీద విమర్శ రాస్తాం, సినిమామీద రాస్తాం. రోజూ వేలమంది మోకాళ్ళకి పరీక్షపెట్టే మెట్లమీద ఎవరూ రాయరేం? ఇల్లు కట్టినవాడి బుద్ధి వంటింట్లో తెలుస్తుందంటారు మా అత్తగారు. స్టేషను కట్టినవాళ్ళ బుద్ధి మెట్లదగ్గర తెలుస్తుందంటాను నేను.

పై స్టేషను 1917 ఏప్రిల్ 21న తెరిచారు. అప్పుడక్కడ ఊరెక్కడిది? పొలాలూ, ఖాళీ జాగాలూను. మామూలుగా ఊరు వెలిశాక రైలొస్తుంది. ఇక్కడ రైలొచ్చాక ఊరొచ్చింది. ముందే స్థలాలు కొనిపెట్టుకున్న కంపెనీ మధ్యన తోటలు వదిలి చుట్టూ అపార్టుమెంట్లు లేపింది. రైలు టికెట్టు ఐదు సెంట్లు. 1904 నుంచి 1948 దాకా అదే ధర. అంత చవగ్గా వెళ్ళిరాగలిగితే ఇల్లు ఎంత దూరమైతేనేం?

1933 ఆగస్టు 19న దాని కిందే, నేల లోపల, ఇంకో స్టేషను తెరిచారు. పైది ప్రైవేటు కంపెనీలు నడిపేవి. కిందిది నగరం సొంతం. 1940లో నగరం అన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. వేరువేరు ఇళ్ళలో పెరిగిన ఇద్దరికి పెద్దవాళ్ళు ముడిపెట్టినట్టన్నమాట. కాపురం ఎలా ఉందో చూద్దాం.

పైన మూడు వరసల పట్టాలు, అటూ ఇటూ రెండు ప్లాట్‌ఫారాలు. నడిమి వరస ఎక్స్‌ప్రెస్‌ది. అది ఇక్కడ ఆగదు! క్వీన్స్‌లో అత్యధికంగా జనం ఎక్కి దిగే స్టేషన్లలో ఇదొకటి. అయినా ఏడో నంబరు ఎక్స్‌ప్రెస్ పిలిచినా పలక్కుండా వెళ్ళిపోతుంది. పొలాల మధ్య కట్టినవాళ్ళు దీన్ని చిన్న స్టేషనుగానే కట్టారు మరి. పసిపిల్లకి కుట్టిన గౌను పెళ్ళీడొచ్చాక కూడా అదే తొడిగితే ఎలా?

కింది స్టేషను కట్టినవాళ్ళు నయం. నాలుగు వరసల పట్టాలు, రెండు ప్లాట్‌ఫారాలు. ఒకే ప్లాట్‌ఫారానికి ఒక పక్క ఎక్స్‌ప్రెస్సు, ఇంకో పక్క లోకలు. చంకలో పిల్లతో, చేతిలో సంచీతో నాలుగడుగులు వేస్తే బండి మారొచ్చు. అయితే వాళ్ళ అత్యాశ కూడా అక్కడే దాగి ఉంది. ఎప్పుడో వేయబోయే కొత్త దారికోసం అదనంగా ఒక ప్లాట్‌ఫారం కట్టేశారు. ఆ దారి వేయనేలేదు. పందిరి వేశారు, పెళ్ళికొడుకు రాలేదు!

మెట్లు దిగి వీధిలోకొస్తే రూజ్‌వెల్ట్ ఎవెన్యూ మొత్తం రైలు నీడలోనే. బండి వెళ్ళినప్పుడల్లా మాట మధ్యలో ఆపాల్సిందే. రెండడుగులు పక్కకి వేస్తే మాత్రం డెబ్భై నాలుగో వీధి: చీరలు, బంగారం, కరివేపాకు. 2004లో ఈ వీధికి కల్పనా చావ్లా పేరు కూడా పెట్టారు. రోదసికెళ్ళిన ఆడపిల్ల పేరుగల వీధికి చేరడానికి మనం ఇన్ని మెట్లు దిగాలి.

నవ్వులాటకి అనడంలేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే మన తల్లులని తలుచుకోండి. కారు నడపరాదు. పొద్దున్న అందరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాలుగు గోడలే. అలాంటి ఆవిడ ఒకళ్ళని దేబిరించకుండా వెళ్ళి, తనకి కావలసిన కూర తను ఏరుకుని తెచ్చుకోగలదా లేదా అన్నది తేల్చేది ఆ స్టేషనే. లిఫ్టు ఉంటే ఆవిడ స్వతంత్రురాలు. లేకపోతే ఆదివారం కోసం కాచుకుని కూచోవాలి.

ఈ స్టేషనుకి 2000 తర్వాత చేసిన మరమ్మతుల్లో లిఫ్టులు పెట్టారు. పక్కనే బస్సుల స్టాండు కొత్తగా కట్టి 2005లో తెరిచారు. టామ్ పట్టి అనే కళాకారుడు రంగుటద్దాల పనితనం చేశాడు, ముచ్చటగా ఉంటుంది. నన్నడిగితే అద్దాలకి అరమార్కు, లిఫ్టుకి ముప్పావు. ఎంచేతంటే, ఆ ఊళ్ళో చాలా స్టేషన్లకి ఆ భాగ్యం లేదు. 2022లో కుదిరిన ఒప్పందం ప్రకారం నూటికి తొంభై అయిదు స్టేషన్లకి లిఫ్టో, ర్యాంపో వచ్చేది 2055 నాటికట! ఇప్పుడు మోకాళ్ళు నొప్పులంటున్న అమ్మమ్మలకి అది ఏ మూలకి?

అందంలో ఈ స్టేషను గొప్పదేం కాదు. గోల, నీడ, ఇరుకు అన్నీ ఉన్నాయి. కానీ ఒంటరి ఆడమనిషిని గడప దాటించి, చేతిసంచీతో సహా తిరిగి ఇంటికి చేర్చగలదు. ఆ ఒక్కందుకే దీన్ని పాస్ చేస్తున్నాను.