గీత వణికితే

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ల్యాబుల్లో చదివినవాళ్లకు సీఆర్వోను (కాథోడ్ రే ఆసిలోస్కోప్) పరిచయం చేయక్కర్లేదు. చిన్న గాజు తెర, దాని మీద పాకే ఆకుపచ్చ గీత, చుట్టూ బోలెడు నాబులు. డిజిటల్వి వచ్చాక పాతవాటిని కండెమ్ చేసి స్టోర్‌రూముల్లో పడేశారు. అక్కణ్నుంచి కిలోల లెక్కన తుక్కుకు పోతున్నాయి. అలా పోబోతున్న ఒకదాన్ని తెచ్చి కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్‌లో మా ఇంటి బల్ల మీద పెట్టుకున్నాను. ఎలక్ట్రానిక్స్ నేను చదివిన చదువు కాదు. ఇష్టం కొద్దీ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

మొదటి పాఠం బోరు మోటార్లు బాగుచేసే వైండింగ్ షాపులో దొరికింది. ‘‘సార్, సీదా కరెంటు ఇయ్యకుండ్రి. ముందుగాల సీరీస్ బోర్డుల పెట్టి సూడుండ్రి’’ అన్నాడు షాపతను. పాత ఫిలమెంటు బల్బును సీఆర్వోతో వరసలో కలిపితే చాలు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి, దెబ్బను తనే కాస్తుంది. షార్ట్ లేకపోతే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. దీనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు, ఫిలమెంటుదే కావాలి. ఈ పనిలో అంత చవకైన రక్షణ మరొకటి నాకు కనిపించలేదు.

నా సీఆర్వోకు బల్బు మెరిసి మసకబారింది. అప్పుడు నేరుగా కరెంటు ఇచ్చాను. గీత వచ్చింది కానీ వణుకుతోంది. అక్కడే నాకు ఈ పాత పెట్టెల మీద ప్రేమ పుట్టింది. తన జబ్బును తన తెర మీదే రాసి చూపించే యంత్రాలు ఎన్ని ఉంటాయి? ట్రిగ్గర్ నాబును ‘లైన్’ వైపు తిప్పగానే వణుకు కాస్తా కదలని అలగా నిలబడింది. అలను అలా నిలబెట్టడమే ట్రిగ్గర్ పని. బ్రౌన్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త 1897లోనే కాథోడ్ రే గొట్టం తయారుచేసినా, ట్రిగ్గర్ సౌకర్యం పనివాళ్ల బల్లల మీదికి బాగా చేరింది 1947లో టెక్ట్రానిక్స్ 511 వచ్చాకే.

‘లైన్’లో ట్రిగ్గర్ కరెంటు సరఫరాను బట్టి నడుస్తుంది. అందులో అల నిలిచిందంటే వణుకు ఆ సరఫరాతో ముడిపడిందే. గడికి 5 మిల్లీసెకన్లు పెట్టి చూస్తే ఒక్కో అల రెండు గడులు పట్టింది. అంటే 10 మిల్లీసెకన్లు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, అంటే ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు. రెక్టిఫయర్ రెండు సగాలనూ ఒకే వైపు తిప్పుతుంది కాబట్టి దాని తర్వాత ఉబ్బు 10 మిల్లీసెకన్లకొకటి వస్తుంది. అల 20 మిల్లీసెకన్లకు వస్తే ఒక డయోడ్ పోయిందనో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత ప్రభావం తెర దాకా వస్తోందనో అనుమానించాలి. 10 వస్తే డయోడ్లు పనిచేస్తున్నట్టే, అనుమానం ఫిల్టర్ కెపాసిటర్ మీదికి పోతుంది. ఏ భాగాన్నీ పీకకముందే ఇంత తెలిసింది.

ఆ కెపాసిటర్ సంగతి మా ప్రాంతంవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టేది. పూడిక చేరి అందులో సగానికి పైగా పోయింది. తర్వాత ఎత్తు పెంచినా ఇప్పటి నిల్వ 17.8 టీఎంసీలే. వరద వచ్చినప్పుడు నింపుకొని, లేనప్పుడు వదలడమే జలాశయం పని. కెపాసిటర్ పనీ అదే. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రావణం ఎండితే పట్టే శక్తి తగ్గి, ఉబ్బుకూ ఉబ్బుకూ మధ్య ఓల్టేజీ పడిపోతుంది.

మల్టీమీటర్‌తో సరఫరా ఓల్టేజీలను ఒక్కొక్కటే చూస్తే ఒకటి తక్కువగా ఉంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి దాని కెపాసిటర్‌కు బదులు అన్నే మైక్రోఫారడ్లది, 105 డిగ్రీలు తట్టుకునేది తెప్పించి, మైనస్ గీతను సరిచూసుకుని టంకం వేశాను. వణుకు పోయింది.

భయపడవలసిన చోట భయపడాలి. పాత సీఆర్వోల్లో చాలావాటికి కాథోడ్ దగ్గర మైనస్ 1500 నుంచి 2000 ఓల్టుల దాకా ఉంటుంది, స్విచ్ ఆపినా ఛార్జ్ మిగులుతుంది. మామూలు మీటర్ పుల్లలతో దాన్ని కొలవకూడదు. గీత వెలుగు బాగుంది కాబట్టి ఆ వైపు నేను చెయ్యి పెట్టలేదు. ఎర్త్ పిన్ను తీసేసి వాడే అలవాటునూ మానుకోవాలి. ముందు ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించుకోవాలి.

నేర్చుకునేవాళ్లకు కొత్త డిజిటల్ పెట్టె కంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం. భాగాలు కంటికి కనిపిస్తాయి, వేలికి అందుతాయి, సర్క్యూట్ బొమ్మలో వేలు పెట్టి ఒక చివర నుంచి మరో చివరకు పోవచ్చు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఐటీఐ పిల్లలకు ఒక్కొక్కటి దొరికినా ఎంత చదువు! కాలేజీల పెద్దలకు నా విన్నపం ఒకటే: కండెమ్ చేసినవాటిని, నిబంధనలు ఒప్పుకున్నంత మేరకు, తుక్కుకు కాకుండా నేర్చుకునేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ల్యాబు బీరువాలో అడుగున పడి ఉన్న సర్వీస్ మాన్యువల్‌ను కూడా వెతికి ఇవ్వండి. ఏ పాయింటు దగ్గర ఎన్ని ఓల్టులు రావాలో అందులోనే రాసి ఉంటుంది.