పుష్పకము నుండి చూచిన పుడమి

కాళిదాసు రఘువంశము 13వ సర్గలో, లంక నుండి మరలివచ్చు శ్రీరాముడు పుష్పకవిమానము నుండి సీతకు భూమిని చూపును. సేతువుచే రెండుగా చీలిన సముద్రము, జనస్థానము, గోదావరి, పంచవటి, గంగాయమునా సంగమము ఒకటొకటిగా క్రింద సాగిపోవును. ఎత్తు నుండి చూచువాని దృష్టిని ఆ కవి ఊహించిన తీరు నేటి విమానప్రయాణికునకు సైతము ఆశ్చర్యము గొల్పును. అయినను ఆ సర్గకు ప్రాణము ఎత్తు కాదు, జ్ఞాపకము. సీతను వెదకుచు తిరిగిన దినములలో ఆమె అందె నేలపై పడియుండగా కనుగొన్న చోటును రాముడు ఆకాశము నుండి గుర్తింపగలిగెను. ఆ నేలపై నడిచినవాడు గనుక అది అతనికి వట్టి పటమువలె కనబడలేదు.

ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు యాన్ ఆర్తుస్-బెర్ట్రాండ్ కృషిని విమర్శించుటకు ఇంతకన్న మంచి గీటురాయి దొరకదు. 1946లో పారిస్ నగరమున జన్మించిన ఈయన, కెన్యాలోని మసాయి మారా మైదానములలో సింహముల జీవితమును పరిశీలించుచు భార్యతో కొంతకాలము నివసించెను. పొట్టపోసికొనుటకు యాత్రికులను వేడిగాలి బెలూనులో త్రిప్పెను. ఆకాశము నుండి చిత్రము తీయు విద్య అక్కడ అబ్బినది. 1994లో యునెస్కో ఆదరణతో భూమండలమును పైనుండి చిత్రించు పనికి పూనుకొని, 1999లో 'ఆకాశము నుండి భూమి' అను సంపుటమును వెలువరించెను. అది 30 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. 2000లో ఆ చిత్రములను పారిస్‌లోని లక్సెంబర్గు ఉద్యానము కమ్మీలకు వ్రేలాడదీసిరి. పుస్తకము కొనలేని బాటసారి కూడ వానిని ఉచితముగా చూడగలిగెను. ప్రదర్శనశాల గడప దాటని జనమును చేరుటకు ఇది గొప్ప ఉపాయము.

ఆయన చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1990లో న్యూ కాలిడోనియా ద్వీపమున వో అను చోట తీసినది. మడ అడవి నడుమ హృదయాకారముగల ఖాళీ నేల. భారతీయునకు అది రావియాకువలె తోచినను తోచవచ్చును. ఆ నేల తక్కిన దానికంటె కొంచెము మెరక. పెద్ద పోటు వచ్చినపుడు మాత్రమే సముద్రజలము దానిపైకి ఎక్కును. తరువాత నీరు ఆవిరియై ఉప్పు మిగులును. ఆ ఉప్పులో మడచెట్లు పెరుగలేవు. చిత్రకారుని చేయి గాని, దేవుని సంతకము గాని అక్కడ లేదు. ఉన్నది ఉప్పు, నీరు, మెరకపల్లముల లెక్క. చూచువాడు మొదట మురియును, పిదప కారణమడుగును. ఆయన విద్య అంతయు ఆ రెండవ క్షణముపై ఆధారపడియున్నది. అందువలననే సంపుటములోని ప్రతి చిత్రమునకును ఒక వివరణ చేర్చబడినది. అడవుల నరకుట, మంచినీటి కొరత, జనుల వలసలు అందు చెప్పబడును. వివరణను విడిచినచో మిగులునది అందమైన తివాచీ.

ఈ ప్రమాదము జైపురమున ఆరవేసిన నూలు వస్త్రముల చిత్రములో స్పష్టమగును. రంగురంగుల బట్టలు బారులు తీరి పరచియుండును. వాని నడుమ మనుష్యులు చుక్కలంత. నేత్రానందమునకు లోటు లేదు. అయితే జైపురమునకు చేరువనున్న సాంగానేరు అద్దకములవలన ద్రవ్యవతి నీరు ఎంత చెడినదో ఎరిగిన రాజస్థానీయునకు ఆ బట్టల రంగు ఎటు ప్రవహించినదను ప్రశ్న కలుగును. చిత్రము మాటాడదు. ఎత్తునకు పోయినకొలది వాసన అందదు, చేతులకు అంటిన రంగు కనబడదు, కూలి ఎంతయో తెలియదు. హెలికాప్టరు త్రాగు ఇంధనమును గూర్చిన ఆక్షేపణ తరచు వినబడునదే. అది నిజమే గాని, ఇంతకంటె చిన్నది.

ఈ లోపమును పరులకంటె ముందు ఆయనయే గ్రహించెను. మాలీ దేశమున ఒకమారు హెలికాప్టరు చెడిపోగా, ఒక పల్లెలో నిలిచిపోయి అచటి గ్రామీణునితో దినమంతయు మాటాడెనని ఆయనయే చెప్పినాడు. ఆ సంభాషణ నుండి 2003లో '600 కోట్ల ఇతరులు' అను ప్రయత్నము పుట్టినది. 70కి పైగా దేశములలో వేలాది సామాన్యులు ప్రేమను, భయమును, ఆశను గూర్చి కెమెరా ఎదుట పలికిరి. యంత్రము చెడుటవలన కలిగిన మేలు!

విచిత్రమేమనగా 2009 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినమున, విడుదలైన 'హోమ్' చలనచిత్రము ఈ పాఠమును మరచినది. దృశ్యములు అద్భుతములు, కాని వ్యాఖ్యాత గొంతు ఆద్యంతము వెంటాడును. నేలపైనున్నవాడు ఒక్కడును నోరు విప్పడు. పుస్తకములో వివరణను చదువుటయు, చదువకుండుటయు పాఠకుని ఇష్టము. ఇచట ఆ స్వేచ్ఛ లేదు. ఉచితముగా లోకమునకు పంచిపెట్టిన ఔదార్యము మెచ్చదగినదే. అయినను ఉపన్యాసము విన్నవానికి, తానుగా కనుగొన్నవానికి కలుగు కలవరము ఒకటి కాదు.

2015 నాటి 'హ్యూమన్' ఇంతకు ముందటి రెండు మార్గములను కలిపినది. నల్లని తెర ముందు ఒక ముఖము, ఆ పిదప ఆకాశము నుండి ఒక ఎడారియో, పొలమో, నగరమో. ఆయన కృతులలో ఇదియే మిక్కిలి పరిపక్వము. కాని పలుకువాని పేరు గాని, ఊరు గాని తెరపై ఉండదు. మానవజాతి ఒక్కటే అని చూపుటకు అట్లు చేసియుండవచ్చును. ఫలితముగా ఆ ముఖము ఏ నేలదో, ఆ నేల ఎవరిదో ప్రేక్షకునకు తెలియరాదు. అందె దొరికిన చోటు ఇదియేనని వ్రేలు చూపువాడు ఆ విమానమున ఇంకను ఎక్కలేదు.