ఖాళీగా ఉంచిన చోటు

ఆదివారాలు లింగంపల్లి స్టేషన్‌కి వెళ్తే, పట్టాల పని వల్ల కొన్ని ఎంఎంటీఎస్ రైళ్లు రద్దు అన్న మాట తరచూ వినిపిస్తుంది. రైల్వే వాళ్లు దీన్ని ‘బ్లాక్ తీసుకోవడం’ అంటారు. చెప్పిన టైము దాకా ఆ లైను మీదికి బండి రాదు. గ్యాంగ్ దిగి పని చేసుకుంటుంది, అయ్యాక లైను మళ్లీ అప్పగిస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద జనం విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ పనివాళ్లు సొంత మనుషుల్లా అనిపిస్తారు. శనివారం రాత్రుళ్లు ఇంట్లో కూర్చుని నేను సర్వర్లకు తీసుకునేదీ అలాంటి బ్లాకే.

మాకు నాలుగు హోస్ట్ సర్వర్ల క్లస్టర్ ఒకటుంది. ఒక్కో హోస్ట్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్, దాని మీద ముప్పై దాకా వర్చువల్ మెషీన్లు. ఒకదాంట్లో జీతాల లెక్కలు, ఇంకోదాంట్లో కస్టమర్ల డేటాబేస్. అడుగున ఉన్న హైపర్‌వైజర్‌కి ప్యాచ్ వేస్తే చాలాసార్లు రీబూట్ తప్పదు. అందుకే ముందు దాని మీద ఉన్న మెషీన్లను, నడుస్తుండగానే, పక్క హోస్ట్‌ల మీదికి తరలిస్తాం. వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. మొత్తం ఖాళీ అయితేనే హోస్ట్ మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్తుంది.

మొన్నొక రాత్రి కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్లో ఉన్నాడు. “అన్నా, మెయింటెనెన్స్ మోడ్ రెండు శాతం దగ్గరే ఆగిపోయింది. ఇరవై నిమిషాలైంది. రీబూట్ కొట్టేద్దామా?” అన్నాడు. “వద్దు తమ్ముడూ, లోపల ఏది మిగిలిందో చూడు” అన్నాను. ఒకే ఒక్క మెషీన్. ఎప్పుడో ఎవరో ఇన్‌స్టాల్ కోసం దాని సీడీ డ్రైవ్‌కి ఐఎస్‌ఓ ఫైలు తగిలించి, తీయడం మరిచిపోయారు. ఆ ఫైలు ఆ హోస్ట్ సొంత డిస్కులో ఉంది, పక్క హోస్ట్‌కి కనపడదు. అందుకే మెషీన్ కదలనంటోంది. కుర్రాడు ఆ సీడీ డ్రైవ్ దగ్గరి టిక్ తీసేశాడు. కాసేపటికే హోస్ట్ ఖాళీ అయింది.

ప్యాచ్ ఎక్కించడం దానితో పోలిస్తే చిన్న పని. మేం వాడే హైపర్‌వైజర్, వీఎంవేర్ వాళ్ల ఈఎస్‌ఎక్స్‌ఐలో బూట్ బ్యాంకులు రెండుంటాయి. కొత్త వెర్షన్ ఒకదాంట్లోకి వెళ్తుంది, పాతది రెండోదాంట్లో అలాగే ఉంటుంది. తేడా వస్తే, బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్, ఆర్ నొక్కి పాతదానికి వెళ్లొచ్చు. అయినా సరే, మొదటి హోస్ట్ మీదికి అంత ముఖ్యం కాని మెషీన్లను తెచ్చి, గంటసేపు కనిపెట్టి చూశాకే రెండోదాని జోలికి వెళ్తాం.

దీనికంతటికీ కావలసింది చోటు. లెక్క సులభం. నాలుగు హోస్ట్‌ల మెమరీ 85 శాతం నిండి ఉంటే, ఒకదాన్ని ఖాళీ చేసినప్పుడు మిగతా మూడింటి మీద 113 శాతం పడాలి. పట్టదు. 70 శాతమే వాడుతుంటే 93 దగ్గర సర్దుకుంటుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట హోస్ట్‌లన్నీ కిక్కిరిసి ఉండేవి. ప్యాచ్ ఎప్పుడు వేద్దామన్నా వచ్చే నెల అనే జవాబు. అక్కడ బద్ధకస్తులెవరూ లేరు. కదపడానికి చోటే లేదు.

అలాంటి వాయిదాలకు ప్రపంచం చెల్లించిన మూల్యం 2023 ఫిబ్రవరిలో చూశాం. ఈఎస్‌ఎక్స్‌ఐలోని ఒక లోపానికి వీఎంవేర్ 2021 ఫిబ్రవరి 23న ప్యాచ్ ఇచ్చింది. దాదాపు రెండేళ్ల తర్వాత, ఆ ప్యాచ్ వేయని సర్వర్లు ఇంటర్నెట్‌లో తెరిచి కనపడితే, దుండగులు వాటిని వెతికి పట్టుకుని వర్చువల్ మెషీన్ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగారు. 3,800కు పైగా సర్వర్లు దెబ్బతిన్నాయని అమెరికా సంస్థలు ప్రకటించాయి. ఒక హోస్ట్ పడిపోతే దాని మీద ఉన్న ముప్పై మెషీన్లూ ఒకేసారి పోతాయి.

అలాగని తొందరా పనికిరాదు. 2024 జులై 19న, మన టైము ఉదయం 9.39కి, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలబడ్డాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అన్నిటికీ ఒకేసారి పంపకుండా, కొన్నిటికి వేసి చూసి ఉంటే దెబ్బ అక్కడితో ఆగేది. ఆలస్యానికైనా, తొందరకైనా నాకు తెలిసిన మందు ఒక్కటే. ఒక్కొక్కటిగా వేయాలి, అలా వేయడానికి చోటుండాలి.

ఆ రాత్రి నాలుగో హోస్ట్ పని ముగిసేసరికి తెల్లవారుజామున నాలుగైంది. సోమవారం పొద్దున జీతాల సైట్ తెరిచినవాళ్లకు ఏ తేడా కనపడలేదు. ఏటా బడ్జెట్ మీటింగులో ఎవరో ఒకరు అంటారు, “70 శాతమే వాడుతున్నాం కదా, మిగతాది దండగ” అని. మా శనివారం రాత్రి పనంతా జరిగేది ఆ మిగతా 30లోనే. దాన్ని నింపేయకండి.