ఇప్పసారాకు ఊరూ పేరూ ఎప్పుడు?

మద్నూర్ నుంచి సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. హద్దు దాటగానే సీసా ధర మారుతుంది, లేబుల్ మీది లిపి మారుతుంది. లోపలి సరుకు మాత్రం ఇంచుమించు ఒకటే. అటు దేశీ దారూ, ఇటు చీప్ లిక్కర్, ఆ మాటకొస్తే మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చాలా భాగం, చెరకు మడ్డి నుంచో నూకల నుంచో తీసిన స్పిరిటే. ఏ ఊరి నీళ్లు, ఏ చేని గింజ, ఎవరి చెయ్యి అన్నది అమ్మేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు.

సరుకుకు ఊరూ పేరూ ఉన్న చోటు ఒకటుంది. స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా అనే దీవి అది. మనుషులు మూడు వేల పైచిలుకు. ఆ కాస్త నేల మీద ఎన్నో విస్కీ డిస్టిలరీలు. బౌమోర్ 1779 నాటిది. లఫ్రాయిగ్ 1815లో మొదలైంది. దాన్ని పెట్టిన జాన్‌స్టన్ సోదరులు పశువుల మేపు కోసం భూమి కౌలుకు తీసుకున్న రైతులు. మిగిలిన బార్లీతో బట్టీ పెట్టారు. దీవిలో చెట్లు తక్కువ, వంటచెరకు కరువు. అందుకని బురద నేలల్లో వేల ఏళ్లుగా మురిగి గట్టిపడిన మొక్కల మన్నును, పీట్‌ను, పారలతో కోసి ఎండబెట్టి కాల్చేవారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీదే ఆరబెట్టారు. ఆసుపత్రి వార్డును గుర్తుకు తెచ్చే ఆ ఘాటు వాసన అలా వచ్చింది. అమెరికాలో మద్యనిషేధం నడిచిన 1920–33 మధ్య లఫ్రాయిగ్‌ను మందు కింద అక్కడికి పంపగలిగారంటే ఆ వాసన చలవే. 1934 వేసవిలో కొద్దిరోజుల టైపిస్టు పనికి వచ్చిన బెస్సీ విలియంసన్ అనే గ్లాస్గో అమ్మాయి, యజమాని ఇయాన్ హంటర్ 1954లో కన్నుమూశాక ఆ డిస్టిలరీకే యజమానురాలైంది. పని నేర్చినవాళ్ల చేతికి బట్టీ దక్కిన కథ అది.

ఈ గౌరవమంతా మొదటి నుంచీ ఉన్నది కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్ కొండల్లో, దీవుల్లో దొంగబట్టీలే ఎక్కువ. 1823లో ఎక్సైజ్ చట్టం మార్చి, ఏడాదికి పది పౌండ్ల లైసెన్సు పెట్టి పన్ను తగ్గించాక, చాటుగా కాచేవాళ్లు బయటికొచ్చి పేరు రాయించుకున్నారు.

మన దగ్గర అదే కాలంలో అదే పని తెలిసినవాళ్లు ఉన్నారు. ఎల్లారెడ్డి, గాంధారి అడవుల నుంచి ఆదిలాబాద్ దాకా ఇప్పచెట్టు ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున మీగడ రంగు పువ్వు చెట్టు కింద రాలుతుంది. ఆడవాళ్లు ముందే ఎండుటాకులు ఊడ్చి నేల శుభ్రం చేసి ఉంచుతారు, బుట్టల్లో ఏరుకుని పరిచి ఎండబెడతారు. కిస్‌మిస్ రంగుకు తిరిగిన ఆ పువ్వులో సగానికి పైగా చక్కెరే. కుండలో నానబెట్టి కొన్నాళ్లు పులియనిచ్చి, పొయ్యి మీద పెట్టి, పైన మరో కుండ బోర్లించి, చల్లనీళ్లు మారుస్తూ ఆవిరిని చుక్కచుక్కగా పడతారు. సరుకు ఎంత గట్టిదో చూడడానికి నిప్పు మీద చిలకరిస్తారు, భగ్గుమనాలి. గోండు గూడేల్లో తొలి చుక్క దేవుళ్లకు, పెద్దలకు. పుట్టుకకూ పెళ్లికీ చావుకూ అది ఉండాల్సిందే. పద్ధతి చూస్తే ఐలా బట్టీకీ దీనికీ మూలం ఒక్కటే: చేతికందిన పంట, ఒక కుండ, కాచేవాడి ముక్కు.

కానీ రాజ్యం ఇక్కడ ఎదురుదారి పట్టింది. బొంబాయి సర్కారు 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చి, దాన్ని దగ్గర ఉంచుకోవడాన్నీ తరలించడాన్నీ కట్టడి చేసింది. నిజాం ఆబ్కారీకి సారా అంటే ఖజానా. కాచే హక్కు గూడెం నుంచి సర్కారు డిస్టిలరీకి, గుత్తేదారుకు పోయింది. బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటి మిల్లుల నుంచి మడ్డి ధారాళంగా వచ్చాక స్పిరిట్‌కు పువ్వు అవసరమే తీరిపోయింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మడ్డి స్పిరిట్ అలవాటు మాత్రం అలాగే ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లు న్యాయం. కూలి డబ్బులు ఇంటికి చేరకుండా గుంజుకున్న ప్యాకెట్ సారా మీద ఆ కోపం. అయితే ఆ తర్వాత ఊళ్లల్లోకి వచ్చింది బెల్లం, పటిక, నవసాగరం కలిపి కాచే గుడుంబా. ఇక కల్లు సంగతి కామారెడ్డి జిల్లాకు చెప్పక్కర్లేదు: 2025 ఏప్రిల్‌లో నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చేసినవాడి పేరు సరుకు మీద లేనప్పుడు మత్తుమందు కలపడం ఎంత తేలికో ఆ మంచాలు చూపించాయి.

ఇంకోలా చెయ్యొచ్చని రుజువులున్నాయి. బెంగళూరులో తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్‌ను 2004లో తీసుకెళ్లి గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, తయారీని ఆదివాసీ సంఘాలకు అప్పగించే విధానం తెచ్చింది. ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతోంది. పువ్వును శుభ్రంగా సేకరించడం, తూకం, ప్యాకింగ్, లెక్కలు వాళ్లకు కొత్త కావు.

తెలంగాణ సర్కారు నీరాకు పాలసీ చేసింది, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో కేఫ్ తెరిచింది. ఇప్పకూ అంతపాటి శ్రద్ధ చూపాలి. ముందుగా ఒక్క ఆదివాసీ సంఘానికి, ఒక్క చిన్న బట్టీకి లైసెన్సు ఇవ్వండి. పువ్వు ఏ అడవిదో, కాచింది ఏ ఊరివాళ్లో సీసా మీద రాయించండి. ప్రతి కాపునూ ల్యాబ్‌లో పరీక్షించండి, బెల్ట్ షాపు గడప తొక్కనివ్వకండి, వచ్చిన సొమ్ము సంఘం ఖాతాలోనే పడనివ్వండి. ఆబ్కారీ శాఖ వచ్చే మార్చిలో పువ్వు రాలేలోపు ఈ ఫైలు కదపాలి.