మందుల సంచీ

నాడి పట్టుకునే ముందు నేను మందుల సంచీ అడుగుతాను. 30 ఏళ్ల ప్రాక్టీసులో ఆలస్యంగా అబ్బిన అలవాటు.

అది నేర్పింది ఒక మామ్మగారు. కొడుకు చెయ్యి పట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. ముఖంలో కదలిక లేదు, రెండు చేతులూ వణుకుతున్నాయి. "వయసు మీద పడింది బాబూ, జాకెట్టు హుక్కులు కూడా కోడలే పెడుతోంది" అన్నారు. అంతకుముందు చూపించుకున్నచోట పార్కిన్సన్స్ అన్నారట. ఆ జబ్బు చాలామందిలో ముందు ఒక పక్కనే మొదలవుతుంది. ఈవిడకు రెండు పక్కలా ఒకేసారి వచ్చింది. అది నాకు మింగుడు పడలేదు.

సంచీ బల్ల మీద కుమ్మరించమన్నాను. బీపీ, షుగరు, థైరాయిడ్. అట్టడుగున పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ళ. "అదేం లేదండీ, మామూలు గ్యాసుకే. ఏడాదిగా పాత చీటీ చూపించి తెచ్చుకుంటున్నాం" అన్నాడు కొడుకు. రేకు వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టుకున్నాను. చీమల బారులాంటి అక్షరాల్లో రాబెప్రజోల్, దాని పక్కనే లెవోసల్పిరైడ్.

కడుపు ఉబ్బరానికిచ్చే ఈ రెండో మందు డోపమిన్ పనికి అడ్డుపడుతుంది. మన నడక, చేతుల కదలిక సాఫీగా సాగాలంటే మెదడులో ఆ డోపమిన్ పని చెయ్యాలి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరిగితే ఇచ్చే సినారిజిన్, ఫ్లునారిజిన్ కూడా ఇలాంటివే. మెటోక్లోప్రమైడ్‌ను 12 వారాలు దాటి వాడితే నాలుక, దవడ వాటంతటవే ఆడే జబ్బు రావచ్చనీ, మందు మానేసినా అది పోకపోవచ్చనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర మాత్రం పాత చీటీ చాలు.

ఆ బిళ్ళ మాన్పించాను. నాలుగు నెలలకు మామ్మగారు తనంతట తను నడిచొచ్చి, తాను కట్టిన కనకాంబరాల మాల నా బల్ల మీద పెట్టారు. నాకు సంతోషం కన్నా ముందు భయమేసింది. అంతకుముందు ఎంతమందిని వయసు పేరు చెప్పి పంపేశానో!

మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులతోనూ ఈ వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. వాటిని మాత్రం సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. ఇంట్లో పెద్దవాళ్ల నడక మారిందా? ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు గ్యాస్ బిళ్ళతో సహా సంచీ మొత్తం పట్టుకెళ్లండి.