బి అంటే బోల్డ్ కాదు

అమరకోశం వల్లెవేసినవాళ్లకి తెలుసు, అందులో అకారాది క్రమం ఉండదు. స్వర్గవర్గం, కాలవర్గం, వారివర్గం అంటూ మాటలు అర్థాల వారీగా కూర్చుని ఉంటాయి. నీళ్ల ముచ్చట కావాలంటే నేరుగా వారివర్గానికి పోవడమే. శబ్దరత్నాకరం పద్ధతి వేరు. మాట తెలిసుండాలి, అప్పుడే అర్థం దొరుకుతుంది. ఈ రెండు దారులనీ ఒకే గుమ్మంలో కలిపిన చోటు ఒకటి నాకు దొరికింది. అది ఎండీఎన్‌లోని హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ల రెఫరెన్స్. వెబ్ పేజీలు కట్టేవాళ్ల కోసం ఈ సైటుని మొజిల్లావాళ్లు 2005లో మొదలుపెట్టారు, 2017లో మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా చెయ్యి కలిపాయి. చరిత్ర ఈపాటి చాలు.

ఎడమ పక్కన అక్షరక్రమంలో ఎలిమెంట్ల జాబితా దిగుతుంది. నడుమ పేజీలో అవే ఎలిమెంట్లు వర్గాలుగా ఉంటాయి: పేజీని భాగాలు చేసేవి, వాక్యం లోపలి మాటకి అర్థం కట్టేవి, పట్టికలవి, ఫారాలవి. పేరు తెలిసినవాడు ఎడమకి, పని మాత్రమే తెలిసినవాడు నడుమకి. హెచ్1 నుంచి హెచ్6 దాకా ఆరుగురు అన్నదమ్ములకీ కలిపి ఒకే పేజీ ఇచ్చారు. ఉమ్మడి కాపురం. సవరణల వర్గంలో మాత్రం ఇద్దరే ఉన్నారు, చేర్చింది చెప్పే ఇన్స్, తీసేసింది చెప్పే డెల్. ప్రూఫులు దిద్దినవాళ్లెవరైనా ఆ చిన్న వర్గం ముందు ఒక్క క్షణం ఆగిపోతారు.

డెల్ కూడా గీత కొట్టేదే, ఎస్ కూడా గీత కొట్టేదే. మరి రెండెందుకు? ఎస్ పేజీలో ఉదాహరణ చూడండి. హోటల్లో ఇవాళ్టి స్పెషల్ సామన్ చేప అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన అయిపోయిందని రాశారు. రాసిందాంట్లో తప్పు లేదు, వేళ దాటిపోయిందంతే. తప్పు దిద్దడానికి డెల్, కాలం చెల్లినదానికి ఎస్. కంటికి రెండూ ఒకే గీత. ఆ గీత వెనక మనసు వేరు. మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటి చోటే గదా అనిపించి, ఆ రాత్రి ఇక పని సాగలేదు.

నేను హెచ్‌టీఎంఎల్ నేర్చుకున్నది అమీర్‌పేటలో, మూడో అంతస్తు గదిలో. అక్కడి జిరాక్స్ నోట్సులో బి అంటే బోల్డ్, ఐ అంటే ఇటాలిక్, యు అంటే అండర్‌లైన్, హెచ్ఆర్ అంటే అడ్డగీత అని ఉండేది. పదేళ్లు అలాగే బతికాను. తరవాత ఒకరోజు ఈ పేజీలు తెరిస్తే బి పక్కన ‘దృష్టిని ఇటు తిప్పేది’ అని అర్థం ఉంది. ఐ పక్కన నుడికారపు మాట అని ఉంది. పరాయి భాష మాట, ఓడ పేరు, మనసులో అనుకున్న మాట దాని కిందికి వస్తాయట. యు ఇప్పుడు అక్షరదోషాల కింద గీసే గీతకి, చైనీస్ రాతలో మనుషుల పేర్ల కింద గీసే గీతకి. హెచ్ఆర్ అడ్డగీతగా ఉండడం మాని విషయం మారే చోటైంది, కథలో ఒక దృశ్యం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోటు.

ఎందుకిలా జరిగింది? అప్పటికే లెక్కలేనన్ని పేజీల్లో ఆ అక్షరాలు నాటుకుని ఉన్నాయి. పీకేస్తే ఆ పేజీలు పాడవుతాయి. అందుకని ప్రమాణాలు రాసేవాళ్లు అక్షరాన్ని ముట్టుకోకుండా దాని కింద కొత్త వ్యుత్పత్తి పెట్టారు. మూలాన్ని కదపకుండా అర్థాన్ని మలుపు తిప్పే వ్యాఖ్యాతల విద్య ఇది. మనవాళ్లు పురాణాల మీద చేసిన పనిని వీళ్లు ఒంటి అక్షరాల మీద చేశారు. కొంచెం కిట్టించినట్టు ఉంటుందనే ఒప్పుకుంటాను. వ్యాఖ్యానాల్లో ఆ మాత్రం సాగదీత లేనిది ఎక్కడ?

అక్కణ్ణుంచి ఎమ్ పేజీకి వెళ్లాను. వాక్యంలో ఏ మాట మీద ఊనిక పడాలో ఎమ్ చెబుతుంది. ఊనిక జరిగితే అర్థం జరుగుతుంది. చదువుతూ నవ్వుకున్నాను. మనకి ఆ పనిని ఒక్క ఏత్వం చేసేస్తుంది. రాముడు వచ్చాడు, రాముడే వచ్చాడు. ట్యాగుతో పని లేదు.

పేజీ దిగువన సాంకేతిక వివరాల పట్టిక ఉంటుంది. చాలామంది అక్కడిదాకా రారు. లోపల ఎవరుండవచ్చు, ఎవరి లోపల ఉండవచ్చు, మూసే ట్యాగ్ ఎప్పుడు వదిలేయవచ్చు, అన్నీ అక్కడే. పి అనే పేరా ట్యాగ్ చూడండి. దాని వెంటనే ఇంకో పేరా వచ్చినా, శీర్షిక వచ్చినా, జాబితా వచ్చినా, మూసే ట్యాగ్ రాయకపోయినా చెల్లుతుంది. ఫలానాది పరమైతే ఫలానాదానికి లోపం. బాలవ్యాకరణం చదివిన చెవికి ఇది బాగా తెలిసిన గొంతు. చిన్నయసూరి చేతికిస్తే అరవరసలో తేల్చేవాడు, ఇక్కడ నాలుగు వరసలు పట్టింది. అంతే తేడా.

ఇంకా కిందికి పోతే ఏ బ్రౌజరు ఏ వెర్షన్ నుంచి ఆదరించిందో చెప్పే పెద్ద పట్టిక వస్తుంది. అక్కరకొచ్చేదే, కాదనను. చదవడానికి మాత్రం రైల్వే టైంటేబుల్. రసం కోసం వచ్చినవాళ్లు అది దాటి ‘ఇవీ చూడండి’ అనే చివరి వరసలకి పొండి. అక్కడ మళ్లీ దారులు చీలతాయి.

జాబితా అడుగున కాలం తీరినవాళ్ల వర్గం ఉంది. సెంటర్, ఫాంట్, ఫ్రేమ్, మన సర్కారు వెబ్‌సైట్లలో ప్రకటనల్ని పాకించిన మార్కీ, అందరూ అక్కడే. పేరు పక్కన చిన్న చెత్తబుట్ట బొమ్మ, పేజీ నెత్తిన వాడొద్దని హెచ్చరిక. అయినా పేజీ తీసెయ్యలేదు. ఏం చేసేవాడో, బదులు ఎవర్ని పిలవాలో అదే శ్రద్ధతో రాసిపెట్టారు. మంచి నిఘంటువు వాడుక తప్పిన మాటని కూడా మర్యాదగా చెబుతుంది. ఈ గైడు మీద నాకు గౌరవం స్థిరపడింది ఆ వర్గంలోనే.

ఆ వరసలో ప్లెయిన్‌టెక్స్ట్ పేజీ తప్పక తెరవండి. 1991లో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదట రాసిన ట్యాగుల పట్టికలోనే అది ఉంది. అది కనబడిన చోటు నుంచి ఆఖరిదాకా ఉన్న ట్యాగులన్నీ ఉత్త అక్షరాలుగా మారిపోతాయి. దానికి మూసే ట్యాగ్ లేదు.